ఊ కొట్టే వంతు

రెండేళ్ళ కిందటిదాకా నా పుస్తకాలు మొత్తం తొమ్మిది, అన్నీ పిల్లల కథలే. ఆ తొమ్మిదింటి ముందుమాటల్లోనూ ఒక వాక్యం అక్షరం మారకుండా ఉంటుంది. ‘ఇందులోని ప్రతి కథా పిల్లల చేత ఊ కొట్టించుకున్నాకే అచ్చుకు వెళ్ళింది.’ శాలువా కప్పినప్పుడల్లా మైకు ముందు నిలబడి ఇదే మాట చెప్పేవాణ్ణి. సభలోవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ సభల్లో పదిహేనేళ్ళ లోపు వాళ్ళు ఒక్కరూ ఉండేవాళ్ళు కాదు. ఆ సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు.

బాలసాహిత్యం మన దగ్గర వింతగా నడుస్తుంది. రాసేది పెద్దవాళ్ళు, బాగుందనేది పెద్దవాళ్ళు, బహుమతి ఇచ్చేది పెద్దవాళ్ళు. బడికి పుస్తకాలు వస్తే పిల్లలు చించుతారని బీరువాలో పెట్టి తాళం వేసేదీ పెద్దవాళ్ళే. తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడు ఆ తాళం తీసి, దుమ్ము దులిపి, నలుగురు పిల్లల చేతుల్లో తలా ఒక పుస్తకం పెట్టి ఫోటో తీస్తారు. ఫోటో అయ్యాక పుస్తకాలు లెక్క చూసుకుని మళ్ళీ లోపల పెడతారు. బడిపంతులుగా నేనూ పెట్టాను. తాళంచెవి నా మొలతాడుకు కట్టుకోలేదు గానీ, జేబులో వేసుకుని తిరిగినవాణ్ణే.

అయినా నేను మిగతావాళ్ళలాంటి రచయితను కానని నా నమ్మకం. వాళ్ళు గదిలో కూర్చుని రాస్తారు, నేను పిల్లల మధ్య కూర్చుని రాస్తాను అనుకునేవాణ్ణి. ఈ నమ్మకం నాకు మా జేజి దగ్గర నుంచి వచ్చింది. జేజి అంటే మా నాయన తల్లి. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది సగమేనని తెలియడానికి నాకు అరవై ఐదేళ్ళు పట్టింది.

మాది మైదుకూరు దగ్గర పల్లె, సేద్యం ఇల్లు. వానలు పడే ముందర విత్తనానికి శెనక్కాయలు ఒలవడం ఇంటిల్లిపాది పని. మిషన్లో వేస్తే పప్పు పగులుతుంది, పగిలిన పప్పు మొలవదు, అందుకని చేత్తోనే ఒలవాలి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పంచలో గోతాలు కుమ్మరించేవాళ్ళు. చుట్టుపక్కల ఆడవాళ్ళు, పిల్లలు అందరం కుప్ప చుట్టూ కూర్చునేవాళ్ళం. గంట ఒలిస్తే బొటనవేలు వాచేది. ఆ నొప్పి తెలియకుండా జేజి కథ ఎత్తుకునేది. అందరి చూపూ చేతుల మీదే కాబట్టి ఎవరు వింటున్నారో, ఎవరు కునుకుతున్నారో ఆమెకు కనపడదు. అందుకే ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగేది. ఎంత బతిమాలినా ఆ పూటకు మళ్ళీ మొదలుపెట్టేది కాదు.

జేజికి ఇంకో విద్య ఉండేది. ఊ మరీ ఒకే తీరుగా, ఒకే గొంతుతో వస్తుంటే ఆమెకు అనుమానం వచ్చేది. అప్పుడు కథ మధ్యలో, గొంతు ఏమాత్రం మార్చకుండా, రాజు చచ్చిపోయినాడు, చచ్చిపోయి సంతకు పోయి వంకాయలు కొన్నాడు అనేది. దానికీ ఊ అన్నవాడి నెత్తిన గుప్పెడు పొట్టు పడేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆ పొట్టు నా నెత్తిన చాలాసార్లు పడింది. ఊ అనేది అబద్ధం కూడా కాగలదని ఆమెకు తెలుసు. నేను పెద్దయ్యాక ఊ కొట్టించుకోవడం గుర్తుపెట్టుకున్నాను, పొట్టు సంగతి మరిచిపోయాను.

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం డోన్ పక్కన ఒక ఊళ్ళో గడిచింది. అక్కడ నాపరాళ్ళ గనులు. పిల్లల తల్లిదండ్రులు గనుల్లో రాయి తీసేవాళ్ళు, లేదంటే పాలీషు ఫ్యాక్టరీల్లో బండలు మోసేవాళ్ళు. బడిలో సగం మంది చర్చి వీధి నుంచి వచ్చేవాళ్ళు. ప్రతి శనివారం ఆఖరి పీరియడ్ కథ. నేను కొత్తగా రాసుకొచ్చిన కథను నోటుబుక్కులో చూస్తూ చదివేవాణ్ణి, పిల్లలు ఊ కొట్టేవాళ్ళు. ఊ తగ్గిన చోట మార్జిన్లో పెన్సిలుతో అడ్డగీత పెట్టుకునేవాణ్ణి. ఇంటికి పోయి ఆ భాగం తిరగరాసేవాణ్ణి. ఊ ఎక్కడా తగ్గకుండా చివరిదాకా వస్తే ఆ కథ సిద్ధమైనట్టు. ఈ పద్ధతిని నేను సభల్లో ఎంత గొప్పగా వర్ణించానంటే, ఒకాయన దాని మీద వ్యాసం కూడా రాశాడు.

ఏం కథలవి? ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఒకదాంట్లో కొలనులో హంస ఉంటుంది, దానికి గర్వం, ఆ గర్వం అణిగిపోతుంది. ఒకదాంట్లో పచ్చని వరిచేల నడుమ పిల్లకాలువ పారుతుంది, ఆ కాలువ గట్టున సోమరి కుందేలు బుద్ధి తెచ్చుకుంటుంది. ఆ ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు వస్తే పిల్లలు బడి ఎగ్గొట్టి బిందెలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. వాళ్ళకు హంసను చూపించాను నేను. ప్రతి కథ చివరా ‘నీతి’ అని రాసి, రెండు చుక్కలు పెట్టి, ఒక వాక్యం. సున్నం కొట్టి గోడ ముగించినట్టు ఆ వాక్యంతో కథ ముగించేవాణ్ణి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

ఆ బడిలో నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తల్లి గనిలో పనిచేసేది. ఆ పిల్ల శనివారం కథకు నోరు విప్పేది కాదు. మొదట నేను గమనించలేదు. గమనించాక, మందమతి అనుకున్నాను. తర్వాత లెక్కలు బాగా చేస్తోందని చూసి, పొగరు అనుకున్నాను. ఒక శనివారం, హంస కథ రోజే, ఆ పిల్లను లేపి ముందుకు రమ్మన్నాను. చెవి పట్టుకుని ఎందుకు ఊ కొట్టడం లేదని అడిగాను. ఆ పిల్ల నా నోటుబుక్కు వైపు చూసింది. అయితే ఈ రోజు కథ అంతా నువ్వొక్కదానివే ఊ కొట్టు, మిగతావాళ్ళు వింటారు అన్నాను. నేను వాక్యం చదవడం, ఆ పిల్ల ఊ అనడం. కథ పూర్తయ్యేదాకా నిలబెట్టాను. కొంతసేపటికి ఆ గొంతు వణికింది. వణికిన చోట నేను అడ్డగీత పెట్టుకున్నాను. అక్కడ కథ బిగువు తగ్గిందని నా లెక్క.

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది.

రిటైరయ్యాక మైదుకూరులో స్థిరపడ్డాను. రెండేళ్ళ కిందట నా కథలన్నీ ఒకే పుస్తకంగా తెద్దామని పెట్టుకున్నాను. అదొక్కటీ తెచ్చి పోతే చాలు అనిపించేది. ఆ పని మీద కర్నూలు వెళ్ళి, దూరమైనా పాత దారిన వస్తూ డోన్‌లో దిగాను. బస్టాండు ఎదురుగా టీ తాగుతుంటే లారీల టైర్ల అంగడిలోంచి ఒకతను పరిగెత్తుకొచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. నా దగ్గర చదివినవాడు. ఇప్పుడు ఆ అంగడి అతనిదే. కుర్చీ వేయించాడు, మళ్ళీ టీ తెప్పించాడు, ఉగ్గాని తింటారా సార్ అన్నాడు. నేను పుస్తకం సంగతి చెప్పాను. ముందుమాటలో మీ తరగతి గురించే రాస్తున్నాను, మీ ఊ వల్లనే నేను రచయితను అయ్యాను అన్నాను. నిజంగానే నమ్మి అన్నాను ఆ మాట.

అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, చిన్ననాటి దొంగతనం గుర్తొచ్చినవాడి నవ్వు.

“మీరేమనుకోకుంటే ఒక మాట చెప్తా సార్. మేము వంతులేస్కొని ఊ కొడతాంటిమి.”

నాకు అర్థం కాలేదు. అతను విడమర్చి చెప్పాడు. శుక్రవారం సాయంత్రమే తరగతిలో తీర్మానం జరిగేదట, ఆ వారం ఎవరు ఊ కొట్టాలని. ముందు వరసలో ఇద్దరు, వెనక ఇద్దరు. మిగతావాళ్ళు బండ మీద గీతలు గీసుకుని రాళ్ళాట ఆడుకునేవాళ్ళు, కునుకు తీసేవాళ్ళు. వంతు ఉన్నవాడు బడికి రాకపోతే సోమవారం వాడికి తిట్లు. ఊ తగ్గితే సారు పెన్సిలు తీస్తాడని, పెన్సిలు తీస్తే అదే కథ వచ్చేవారం మళ్ళీ చదువుతాడని వాళ్ళు కనిపెట్టారు. అందుకని ఊ ఎక్కడా తగ్గకుండా చూసుకునేవాళ్ళట. అతను ఇదంతా ప్రేమగా చెప్తున్నాడు. నేను కూడా నవ్వుతానని అతని ఉద్దేశం.

నవ్వాను కూడా. మింగలేక కక్కలేక అంటారే, ఆ నవ్వు.

పోనీ అవన్నీ వదిలేయి, నా కథల్లో ఒక్కటైనా గుర్తుందా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. అతను తల గోక్కున్నాడు. ఒక సింహం ఉండె కదా సార్ అన్నాడు. నా కథల్లో సింహం లేదు. అంత మర్యాదస్తుడు, అబద్ధం కూడా నా మనసు నొప్పించకూడదనే చెప్పాడు. ఆ తర్వాత, నా ముఖం చూసో ఏమో, మాట మార్చాడు. మీరొకసారి నిలబెట్టినారే, ఆ పాప ఇప్పుడు మన ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు సార్, కథలు శానా బాగా చెప్తాది, మా పిల్లోడు ఇంటికొచ్చి అన్నం తినకుండా ఆ కథలే చెప్తాంటాడు అన్నాడు. ఆ పాప మాత్రం అప్పుడు మా వంతుల్లోకి రాలేదు సార్, వినకుండా ఊ అంటే అబద్ధం కదా, మా యవ్వ అబద్ధం చెప్పొద్దన్నాది అని ఆ పాపే అనేది అన్నాడు.

బస్సులో మైదుకూరు దాకా నాకు కోపమే వచ్చింది. ముందు ఆ పిల్లల మీద. తర్వాత ఆ టైర్ల అంగడి అతని మీద, ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నవాడు ఇప్పుడు చెప్పకపోతే ఏం పోయింది అని. ఇంటికి వచ్చి నోటుబుక్కులు ముందేసుకున్నాను. పేజీల నిండా నా అడ్డగీతలు. వంతు వచ్చిన ఒక పిల్లవాడికి దగ్గు వచ్చి ఉంటుంది, ఒకడికి రాళ్ళాటలో ఏం జరుగుతోందో చూడాలనిపించి ఉంటుంది. వాటిని బట్టి నేను కథలు తిరగరాశాను. వాటిని బట్టి మైకు ముందు మాట్లాడాను. తల కొట్టేసినట్టయింది. మా ఆవిడ అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాను.

వారం రోజులు ఒకటే పట్టుకుంది నన్ను. ఇన్నేళ్ళలో ఒక్క పిల్లవాడు, ఒక్కడంటే ఒక్కడు, నా కథను కావాలని విన్నాడా? విన్నట్టు తెలిస్తే చాలు, ఆ పుస్తకం అచ్చుకు ఇస్తాను. లేకపోతే ఎవరి కోసం? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది అబద్ధం ఆడని ఆ పిల్ల ఒక్కతే అనిపించింది. వెళ్ళాను.

అంగన్‌వాడీ మేము అప్పట్లో బడి నడిపిన వీధిలోనే, చర్చి దాటాక. ఆమె నన్ను గుర్తుపట్టింది. కొంగు సర్దుకుని, కుర్చీ తెచ్చి వేసి, నీళ్ళిచ్చింది. ముప్పై దాటిన మనిషి. ఇరవై మంది పిల్లలు, మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు వాళ్ళు, నాపరాళ్ళ బండల మీద కూర్చున్నారు. కొందరు అన్నం తింటున్నారు, ఒకడు గుడ్డు చేతిలో పట్టుకుని తిరుగుతున్నాడు. నేను ఎందుకొచ్చానో చెప్పలేదు. ఇటు పోతూ చూసిపోదామని వచ్చాను అన్నాను. పిల్లలు ఆమె కొంగు లాగి కథ అడుగుతున్నారు. దయ్యం, దయ్యం అంటున్నారు. ఆమె నా వైపు చూసి కొంచెం తటపటాయించింది. చెప్పమన్నాను.

ఆమె పుస్తకం పట్టుకోలేదు, ఊ కొట్టమనలేదు. బండ మీద కూర్చుని మొదలుపెట్టింది. మన ఊరి పాత గనిలో ఒక దయ్యం ఉండాది. దానికి అన్నం వద్దు, రొట్టె వద్దు. దానికి కావాల్సింది ఊ. మేకలు మేపుకోను పోయిన పిల్లోళ్ళను పట్టుకొని కథ చెప్తాది. పిల్లోళ్ళు ఊ అనాల. అన్న ప్రతి ఊ దయ్యం నోట్లో పడతాది, దాని పొట్ట ఇంత అయితాది. కథ మాత్రం అయిపోదు. పొద్దు గూకుతాంది, మేకలు ఇంటికి పోయినాయి, పిల్లోళ్ళకు ఆకలి అయితాంది, దయ్యం కథ అయిపోదు.

పిల్లలు ఊరుకోవడం లేదు. ఏం కథ చెప్తాది టీచర్ అని ఒక పిల్ల అడిగితే, ఆమె తడుముకోకుండా, ఒక పక్షి నీళ్ళలో ఈదుకుంటా ఉండె, ఈదుకుంటా ఉండె, ఈదుకుంటానే ఉండె అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. అది నా హంస.

తర్వాత ఒక పాప నోరు మూసుకుంటుంది. దయ్యం దాని చెవి పట్టుకుంటుంది. ఎండకు కాలిన బండ మీద ఒంటికాలి మీద నిలబెడుతుంది. పాప ఊ అనదు. ఆ పాపను చూసి పక్క పిల్లవాడు నోరు మూసుకుంటాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. ఈ మాట వచ్చేసరికి అంగన్‌వాడీలో పిల్లలందరూ రెండు చేతులతో నోళ్ళు మూసుకున్నారు. బుగ్గలు ఉబ్బుతున్నాయి, కళ్ళలో నవ్వు ఆగడం లేదు. గుడ్డు పట్టుకున్నవాడు గుడ్డుతోనే నోరు మూసుకున్నాడు. ఊ లేక దయ్యం సన్నబడుతుంది. చీపురుపుల్ల అంత అవుతుంది, అయినా కథ ఆపదు. పిల్లలు లేచి ఇంటికి పోయి రొట్టె తింటారు. దయ్యం ఇప్పటికీ ఆ గనిలోనే ఉంది. బండకు చెవి పెట్టి వింటే వినపడుతుంది, ఎవరూ లేకపోయినా కథ చెప్తానే ఉండాది.

అంతే. నీతి లేదు.

పిల్లలు బండకు చెవులు పెట్టి పడుకున్నారు. నాకు ముందు అవమానం అనిపించింది, ఆ వెంటనే ఒక రచయితకు కలగాల్సిన అసూయ కలిగింది. కథ అంత బాగుంది. ఆ రోజు నా ముందు నిలబడి ఆ పిల్ల ఊ కొట్టింది, చివరిదాకా కొట్టింది. కథలో పాప కొట్టలేదు. జరిగినదాన్ని తను కావాలనుకున్నట్టు జరిపించుకుంది. ఇరవై మంది పిల్లలకు రేపు ఎవడైనా చెవి పట్టుకుంటే నోరు మూసుకుని నిలబడవచ్చని, దయ్యాలు ఊ లేకపోతే సన్నబడతాయని తెలిసింది. తొమ్మిది పుస్తకాల్లో నేను ఈ ఒక్క పని చేయలేకపోయాను.

పిల్లలు నిద్రపోయాక నేను అడిగాను, ఆ దయ్యం నేనేనా అని. ఆమె తల వంచుకుంది గానీ కాదనలేదు. నిన్ను అట్లా నిలబెట్టింది తప్పు, క్షమించమన్నాను. అట్లా అనొద్దండి సార్ అంది. అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. నా కథల్లో నీకు ఒక్కటైనా నచ్చిందా?

ఆమె హంస, కుందేలు అంటూ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. నాకోసం నిజంగా వెతుకుతోందని తెలుస్తూనే ఉంది.

“లేదు సార్,” అంది. “అబద్ధం చెప్పలేను.”

ఇంత జరిగాక మనిషైనవాడు పుస్తకం మానుకోవాలి. నేను మానలేదు. ఆమె కథను నా పుస్తకంలో ఆఖరి కథగా వేస్తానన్నాను. పుస్తకంలో ఒక్క కథైనా బతికి ఉంటుందని ఆశ. నీ పేరు కూడా వేస్తాను అన్నాను. ఆమె పేరు సంగతి పట్టించుకోలేదు. “రాసుకోండి సార్. ఆఖరు మాత్రం మార్చొద్దండి. దయ్యం ఆడ్నే ఉండాల, పిల్లోళ్ళు ఒప్పుకోరు,” అంది. మార్చనని మాట ఇచ్చాను.

ఇంటికి వచ్చి రాయడానికి కూర్చుంటే కలం సాగింది. ఆమె మాటలే రాశాను. గని వచ్చింది, మేకలు వచ్చాయి, నోళ్ళు మూసుకోవడం వచ్చింది. ఆఖరుకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. దయ్యం చీపురుపుల్ల అంత అయి, ఎవరూ లేని గనిలో కూర్చుని కథ చెప్తానే ఉంది. ఆ వాక్యం రాసి కొట్టేశాను, మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేశాను. పిల్లల పుస్తకం కదా, చివర కొంచెం మంచి ఉండాలి అని నాకు నేను చెప్పుకున్నాను. దయ్యాన్నయినా మార్చగలిగేది పిల్లలే అనే సందేశం వస్తుంది అనుకున్నాను. నిజం అది కాదు. నన్ను నేను ఆ గనిలో వదిలేయలేకపోయాను. నా పుస్తకంలో దయ్యం పశ్చాత్తాపపడింది. పిల్లల ముందు చేతులు జోడించింది. పిల్లలు క్షమించారు. అప్పటి నుంచి ఆ దయ్యం రోజూ వాళ్ళకు మంచి మంచి కథలు చెప్పసాగింది. నీతి అని మాత్రం రాయలేదు. అదొక్కటీ రాయనందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ముందుమాటలోని ఊ వాక్యం తీసేద్దామనుకున్నాను. ప్రూఫులు వచ్చినప్పుడు చూశాను, దాని మీద పెన్సిలు పెట్టాను, గీత గీయలేదు.

పుస్తకం వచ్చింది. మొదటి కాపీ తీసుకుని అంగన్‌వాడీకి వెళ్ళాను. అట్ట మీద బొమ్మ బాగా కుదిరింది, పిల్లలు ముట్టుకుని చూశారు. చించుతారేమో అని ఒక్క క్షణం చెయ్యి ముందుకు పోయింది, వెనక్కి తీసుకున్నాను. మన దయ్యం కథ సారు పుస్తకంలోకి వచ్చిందని ఆమె పిల్లలకు చెప్పి, చదివి వినిపిస్తానంది. నన్ను కూర్చోమంది. ఈసారి నేను కుర్చీ వద్దని పిల్లల మధ్య బండ మీదే కూర్చున్నాను.

ఆమె చదువుతూ పోయింది. గని దగ్గర, మేకల దగ్గర పిల్లలు బాగానే విన్నారు. నోళ్ళు మూసుకునే చోటికి ఇంకా రాకముందే ఇద్దరు ముగ్గురు చేతులు సిద్ధం చేసుకున్నారు. ఆఖరి పేజీకి వచ్చాక ఆమె గొంతు ఒకసారి ఆగింది. ఆమెకు తెలిసిపోయింది. నా వైపు చూడకుండా, ఉన్నది ఉన్నట్టు చదివింది. దయ్యం చేతులు జోడించింది. పిల్లలు క్షమించారు. దయ్యం మంచి మంచి కథలు చెప్పసాగింది.

పిల్లలు ఆమె ముఖం చూస్తున్నారు. తర్వాత నాలుగేళ్ళ పిల్ల ఒకటి, ముక్కు కారుతోంది దానికి, లేచి నిలబడింది.

“ఇది కాదు టీచర్. మల్లా దయ్యం కథ చెప్తే పిల్లోళ్ళు ఇంటికి యట్ల పోతారు?”

మిగతావాళ్ళు కూడా కాదు, కాదు అన్నారు. నువ్వు నోటితో చెప్పు అన్నారు. ఆమె అప్పుడు నా వైపు చూసింది. ముప్పై దాటిన మనిషి, ఇంకా నా అనుమతి కోసం చూస్తోంది. నేను చెప్పమని తల ఊపాను. ఆమె పుస్తకం మూసి పక్కన పెట్టి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మన ఊరి పాత గనిలో ఒక దయ్యం ఉండాది అంది.

పిల్లలు దగ్గరికి జరిగారు. నా వంక ఎవరూ చూడడం లేదు. కథ నడుస్తోంది, పాప చెవి దయ్యం చేతిలో ఉంది, నేను అలవాటుగా ఏదో సవరించబోయాను కాబోలు, చెవి కాదు జుట్టు పట్టుకుంటే బాగుంటుంది అన్నట్టు నోరు తెరిచాను. ఆ ముక్కు కారే పిల్ల నా మోకాలి మీద చెయ్యి వేసి, చాలా జాలిగా చెప్పింది.

“నోరు మూస్కో తాతా. లేకుంటే దయ్యం ఇంటికి పోనీదు.”

నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.